షార్ట్‌స్టాప్‌ని నేనే, కప్పు మాత్రం కోచ్ కొడుక్కి

ఇవాళ గరాజ్ సర్దుతుంటే నా పాత బేస్‌బాల్ గ్లవ్ దొరికింది. ఆ తోలు వాసనకే పాత కోపమంతా తిరిగొచ్చింది. చిన్నప్పుడు అమెరికాలో, క్యారీ ఊళ్లో నాతో ఆడినవాళ్లూ, మన కోచ్ గుర్తున్నాడా?

నేను షార్ట్‌స్టాప్‌ని. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడి, నేల మీద దూసుకొచ్చే బంతుల్ని ఆపడం నా పని. బ్యాటింగ్ రాదు, ఒప్పుకుంటాను. కానీ నన్ను దాటి బంతి పోవడం అరుదు. దోక్కుపోయిన మోకాళ్లకి పసుపు రాస్తూ అమ్మ రోజూ తిట్టేది.

ఫైనల్ రోజు కోచ్ నా చోట తన కొడుకుని దింపాడు.

"వాడు బాగా కొడతాడు. నువ్వు ఆపడమేగా చేసేది?" అన్నాడు.

ఆ కొడుకు కాళ్ల మధ్య నుంచి రెండు బంతులు పోయాయి. చివరి ఇన్నింగ్స్‌లో "వెళ్లు, త్వరగా!" అని కోచ్ నన్ను మైదానంలోకి తోశాడు. వెళ్లాను. పక్కకి దూకి బంతి పట్టి, మోకాళ్ల మీద నుంచే విసిరాను. ఔట్! గెలిచాం.

కప్పు మాత్రం కొడుకు చేతిలో పెట్టి ఫొటోలు తీసుకున్నాడు, సిగ్గులేని మనిషి.

తర్వాతి సీజన్‌కి తనే ఇంటికి ఫోన్ చేశాడు.

"మీ టీమ్‌కైతే రాను" అని పెట్టేశాను. దూరంగా ఉన్న ఇంకో టీమ్‌కి రోజూ దింపడానికి నాన్నకి వీలుకాలేదు. పదమూడేళ్లకే నా ఆట ఆగిపోయింది.

అయినా ఆ ఫోన్ పెట్టేసినందుకు ఇవాళ్టికీ బాధ లేదు.