తాలీం మట్టికి మా ఇంటి మజ్జిగ

పోయిన నెల మా మనవరాలి కబడ్డీ ఆట చూడటానికి పోయాను. అది వీధిలో పిల్లలు కూతపెట్టుకుంటూ ఆడే ఆట కాదు, నాలుగైదు కాలేజీల వాళ్ళు బస్సుల్లో వచ్చి, ఒకే రంగు బట్టలు వేసుకుని ఆడే ఆట. మా రాయచూరు ఎండ సంగతి రాయచూరు వాళ్ళకు చెప్పక్కర్లేదు, బయటివాళ్ళకు చెప్పినా నమ్మరు. అందుకని రెండు సీసాల నిండా మజ్జిగ కలుపుకుని పోయి, ఆడవాళ్ళందరితో పాటు ముందు వరుసలో కూర్చున్నాను. సగం ఆట కాగానే మా పిల్ల మోకాళ్ళు దులుపుకుంటూ పరుగున వచ్చి ఒక గుక్క తాగి, ముఖం ముడుచుకుంది.

"అవ్వా, ఇందుల మిరపకాయ ఏసినవా ఏంది?"

"జరంత ఏసిన. చలువనే."

"చలువ గాదు, చెవులకెల్లి పొగ వస్తుంది!" అని, ఇంకో రెండు గుక్కలు తాగి మళ్ళీ పరుగెత్తింది. నాకు నవ్వు ఆగలేదు. పక్కన కూర్చున్నావిడ నన్ను వింతగా చూసింది. ఆవిడకు ఏం చెప్పను? మజ్జిగలో మిరపకాయ వేసి నేను ఒకప్పుడు రాయచూరులో కుస్తీనే ఆపేశానని చెబితే ఎవరు నమ్ముతారు?

నా పుట్టిల్లు గోరేబాళ. నాలుగో తరగతి దాకా చదివాను, ఆ తరువాత పొలానికి అన్నం మోయడమే చదువు. మా వైపు వరి నాట్లు వేసేవాళ్ళకు రెండు పూటలా మజ్జిగ పోయాలి. అందులో పచ్చిమిరపకాయ, అల్లం, ఉప్పు దంచి కలపకపోతే నాటు వేసే ఆడవాళ్ళు ఊరుకునేవారు కాదు. "ఏమమ్మా, మీ ఇంట్ల మిర్పచెట్టు సచ్చిపోయిందా?" అని అడిగేవారు. అట్లాంటి ఊరి నుంచి పదిహేడేళ్ళ వయసులో రాయచూరు పట్నానికి కోడలిగా వచ్చాను. అత్తగారింట్లో నూనె అంగడి, పెరట్లో మూడు బర్రెలు. మామ అప్పటికే లేడు. ఇంటికి పెద్ద మా అత్త. మనిషి పొట్టి, గొంతు మాత్రం రైలు కూత. ఇంట్లో మా ఆయన, ఆయన తమ్ముడు, నేను. మరిది అప్పుడప్పుడే మీసాలు వచ్చిన పహిల్వాను. పొద్దున లేస్తే దండీలు, బైఠకులు, మూడు చెంబుల పాలు. ఇంట్లో ఏ డబ్బా మూత రాకపోయినా అతన్నే పిలిచేవాళ్ళం. అతని బలం ఇంటికి పనికొచ్చింది అంతే అనేది మా అత్త.

మా గల్లీ చివర పహిల్వాన్లు సాధన చేసే తాలీం ఉండేది. ఇప్పుడు అక్కడ అద్దాలు, ఇనుప మిషన్లు పెట్టారు. అప్పుడు పెంకుటిల్లు, లోపల కుస్తీ పట్టే ఎర్రమట్టి. ఈ మాట ఇప్పుడు ఇంత సులువుగా రాస్తున్నాను కానీ, లోపల ఏముందో అప్పుడు గల్లీలో ఏ ఆడమనిషికీ తెలియదు. ఆడవాళ్ళు ఆ గడప తొక్కకూడదు. ఆ వైపు నడిచేటప్పుడు కొంగు ముఖం మీదికి లాక్కుని అవతలి గోడ పక్కగా పోయేవాళ్ళం. తాలీం నడిపే వస్తాదు ముసల్మాను. పొద్దున నమాజు చేసుకుని వచ్చి, ఆంజనేయుడి పటం ముందర దీపం పెట్టారా లేదా అని చూసి, పెట్టకపోతే పిల్లల చెవులు మెలిపెట్టేవాడట. ఇవన్నీ మరిది చెబితే విన్నవే.

లోపలికి పోని ఆడవాళ్ళకు తాలీంతో ఒక్క సంబంధం ఉండేది. నాగుల పంచమికి పెద్ద కుస్తీలు జరుగుతాయి కదా, ముందురోజు చవితి నాడు ఒక్కో ఇంటి నుంచి ఒక్కో వస్తువు పోవాలి. ఒక ఇంటి నుంచి పసుపు, ఒక ఇంటి నుంచి నిమ్మకాయలు, ఒక ఇంటి నుంచి కర్పూరం. మా ఇంటి నుంచి రెండు కడవల మజ్జిగ. ఎవరి వస్తువు వాళ్ళదే, ఇంకొకరు పంపడానికి లేదు. మా అత్తకు ఆ హక్కు వాళ్ళ అత్త ఇచ్చింది. నలభై ఏళ్ళుగా ఒక్క ఏడు తప్పకుండా పంపింది. బర్రెలు వట్టిపోయిన ఏడు బంధువుల ఇళ్ళు తిరిగి పెరుగు తెచ్చి చిలికిందట. మామ పోయిన ఏడు, మైల తీరగానే ఆమె ఏడుపు ఆపి చేసిన మొదటి పని అదే అని చెప్పేవారు. భర్త పోయాక పేరంటాలకు పిలవడం మానేశారు. శుభకార్యాల్లో వెనక వరుసకు నెట్టారు. ఆ రెండు కడవలు మాత్రం ఎవరూ వద్దనలేదు. "మన మజ్జిగ రాంది తాలీం తలుపు తెర్వరు" అని అనేటప్పుడు ఆమె ముఖం చూడాలి. ఎదురింటి నిమ్మకాయలావిడకు ఆ హక్కు మీద కన్ను ఉందని, అందుకే కొత్త బర్రెను కొనిందని మా అత్త అనుమానం. ఆ బర్రె మా గోడ మీదుగా చూసినా ఈమెకు కోపమే.

నా పెళ్ళయిన మొదటి పంచమికి మా ఆడబిడ్డ హట్టిలో కాన్పుకు ఉంది. వాళ్ళాయనకు బంగారు గనిలో పని, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. తోడు ఎవరూ లేరని మా అత్త పోవలసి వచ్చింది. బస్సు ఎక్కుతూ నాకు ఒక్కటే చెప్పింది. "చవితి నాడు తాలీంకు రెండు కడవల మజ్జిగ పంపియ్యి. నీళ్ళు ఎక్కువ పొయ్యకు. మన ఇంటి పేరు నిలబడాలె."

పేరు నిలబెట్టడం నాకు వచ్చిన విధంగా నిలబెట్టాను. అంతమంది పహిల్వాన్లు తాగే మజ్జిగ కదా అని దోసెడు పచ్చిమిరపకాయలు, అంతకు సగం అల్లం, గుప్పెడు ఉప్పు రోట్లో వేసి మెత్తగా నూరాను. కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటే కూడా ఆపలేదు. మంచి మజ్జిగకు అది గుర్తు మా ఊళ్ళో. పొట్టు ఎవరి గొంతులోనైనా అడ్డం పడుతుందేమోనని పంచెగుడ్డలో రెండుసార్లు వడకట్టాను. పైకి చూస్తే తెల్లగా, నిండుగా, పాలలాగా ఉంది. సాయంత్రం మరిది, తాలీంలో అతనితో పట్టుపట్టే జోడుగాడు వచ్చి చెరో కడవ ఎత్తుకుపోయారు. మరిదికి ఆ రెండు రోజులు పడిశం, ముక్కుకు వాసన తెలియదు. జోడుగాడి జేబులో వాళ్ళింటి కర్పూరం పొట్లం ఉంది, వాడికి అదే వాసన. దేవుడు ఎప్పుడు ఏ ముక్కు మూస్తాడో చెప్పలేం.

పంచమి పొద్దున్నే మా అత్త హట్టి బస్సు దిగి వచ్చింది. "పంపినవా?" "పంపిన అత్తమ్మా." "చిక్కగున్నదా?" "మస్తు చిక్కగ." సరేనని స్నానానికి పోయింది. పంచమి అంటే మగవాళ్ళకు కుస్తీ, ఆడవాళ్ళకు ఉయ్యాల. నడింటి దూలానికి తాడు వేసి, నువ్వుల ఉండలు నములుతూ ఊగుతున్నాం. తాలీం వైపు నుంచి డప్పులు మోగుతున్నాయి. ఆ రోజు మా మరిదికి కల్మల ఊరి పహిల్వానుతో మొదటి పట్టు. ఉన్నట్టుండి డప్పులు ఆగిపోయాయి. తరువాత ఒక్కసారిగా జనం నవ్వు. ఆ తరువాత అరుపులు. మా అత్త కాళ్ళు ఆనించి ఉయ్యాల ఆపింది.

కాసేపటికి మరిది వచ్చాడు. ఒళ్ళంతా మట్టి, రెండు కళ్ళూ చింతనిప్పులు. జరిగిందేమిటంటే, పట్టు పట్టి ఇద్దరూ కింద పడి రెండు పొర్లు పొర్లగానే ఒళ్ళు మండటం మొదలైంది. చెమటతో కళ్ళలోకి పోయింది. ఇద్దరూ ఒకరినొకరు వదలకుండా, కళ్ళు తెరవలేక, బొటబొటా కన్నీళ్ళు. గోడ మీద కూర్చున్నవాళ్ళు, "ఏమ్రా, బిడ్డను అత్తగారింటికి సాగదోలుతున్నరా?" అని నవ్వారట. ఆ తరువాత కల్మల వాళ్ళు నవ్వు మానేసి, మట్టిలో మందు కలిపారని గొడవకు దిగారు. వస్తాదు వంగి చిటికెడు మట్టి తీసి వాసన చూసి, నాలుక మీద వేసుకున్నాడు. "మందు గాదు, మిర్పకాయ" అన్నాడు. సాయంత్రం లోపల జవాబు చెబుతానని కల్మల వాళ్ళకు మాటిచ్చి కుస్తీలు ఆపించాడు.

"వదినా, నువ్వు మజ్జిగల ఏం గలిపినవ్?" అన్నాడు మరిది, ముఖం మీద నీళ్ళు కొట్టుకుంటూ.

"ఏం గలిపిన, అందరు గలిపేదే. తాగేటోళ్ళకు కమ్మగుండాలె అని..."

"తాగేటోళ్ళా? అది మట్టిల పోస్తర్రా దేవుడా!"

కుస్తీ పట్టే మట్టి మెత్తబడాలని మజ్జిగను అందులో పోస్తారని నాకెట్లా తెలుస్తుంది? ఏ ఊళ్ళోనైనా ఎవరైనా మజ్జిగను మట్టిలో పోస్తారా? మా అత్త అరుస్తుందనుకున్నాను. అరవలేదు. పొయ్యి పక్కన పీట మీద కూర్చుని, "నలభై ఏండ్ల మజ్జిగ ఒక్క పూటల ఇరగ్గొడితివి గదనే పిల్లా" అంది. ఆ నెమ్మది గొంతు నేను అంతకుముందు వినలేదు.

సాయంత్రం వస్తాదు మా గడప ముందు వచ్చి నిలబడ్డాడు. ఎదురింటావిడ అప్పుడే తన అరుగు ఊడవడానికి వచ్చింది. ఊడ్చిన చోటే ఊడుస్తోంది. నేను తలుపు వెనక ఉన్నాను.

"అక్కా, కల్మలోళ్ళు కూర్చున్నరు. తప్పు ఎవరిదో చెప్పాలె, ఆ ఇంటి హక్కు తీసెయ్యాలె అంటున్నరు."

"నేనే కలిపిన వస్తాద్" అంది మా అత్త.

"మీరా? మీరు పొద్దుగాల హట్టి బస్సు దిగంగ నేను చూడలేదా అక్కా? కల్మలోళ్ళ కోసం బస్టాండుకు వస్తి, వాళ్ళ సంచి గూడ మీ కాలు మీదనే పడె."

మా అత్తకు అబద్ధం చెప్పడం చేతకాదు, అలవాటు లేక. నాకు ఆ క్షణంలో ఏమైందో తెలియదు. పరాయి మగవాళ్ళ ముందర కొత్త కోడలు నోరెత్తకూడదని తెలుసు. అయినా తలుపు వెనక నుంచే అన్నాను. "నేను కలిపిన. తాగుతరనుకున్న."

వస్తాదుకు నవ్వొచ్చింది కానీ గడ్డం కింద దాచుకున్నాడు. "ఈ పిల్లకు మట్టికని చెప్పలే అక్కా?"

"ఏమని చెప్పాలె?" మా అత్త గొంతు మళ్ళీ రైలు కూత అయింది. "మట్టికని మా అత్త చెప్పింది, ఆమెకు వాళ్ళత్త చెప్పింది. గా మట్టి ఎంతుంటదో, ఎట్లుంటదో, మా మజ్జిగ దానికి ఏం జేస్తదో మా ఆడోళ్ళల ఎవరన్న చూసినమా? చూడంది ఏం చెప్తం?" కొంచెం ఆగి, ఊపిరి తీసుకుంది. "హక్కు తీస్కోండ్రి. తప్పు మాది. గని తీస్కునేముందు ఒక్కసారి చూపెట్టుండ్రి. నలభై ఏండ్లు దేనికి పోసిన్నో చూసి, ఇడిసిపెడ్త."

ఎదురింటి చీపురు ఆగిపోయింది. వస్తాదు చాలాసేపు తన చెప్పులకేసి చూసుకున్నాడు. ఆయన వస్తాదయ్యాక ఎన్నో పట్లు చూశాడు, ఈ పట్టుకు విడుపు దొరకలేదు. "రేపు పొద్దున రాండ్రి. పిల్లలను బయటికి పంపిస్త" అన్నాడు.

మరునాడు పొద్దున మా అత్త పట్టుచీర కట్టింది. నన్ను కూడా రమ్మంది. చెప్పులు బయట విడిచి, గడపకు దండం పెట్టి లోపలికి వంగి పోయాం. నేనేమో కోట బురుజంత ఊహించుకున్నాను. మా బర్రెల కొట్టం అంత గది. మధ్యలో నాలుగు మంచాలు పట్టేంత మట్టి, గోడకు గదలు, ఆంజనేయుడి పటం. మా అత్త చుట్టూ చూసి, "గింతేనా?" అంది.

"గింతనే అక్కా" అన్నాడు వస్తాదు, తన తప్పులాగా.

ఆమె కొంగు నడుముకు చెక్కి, గట్టు మీద కూర్చుని, చేయి చాచి గుప్పెడు మట్టి తీసింది. పిసికింది. వేళ్ళ మధ్య నలిపింది. జొన్నరొట్టె పిండి చూసినట్టు చూసింది. చూస్తూ చూస్తూ ఆమె ముఖం మారింది. "ఏంది వస్తాద్, గడ్డలు గడ్డలుంది? మజ్జిగ ఒక్కతాననే గుమ్మరిస్తున్నరా? పిండి గిట్ల తడిపితె రొట్టె ఇరుగుతది. కొంచెం కొంచెం చల్లి, అరచేతుల రుద్దాలె. నా మజ్జిగంత ఒక మూలకే తాగించిర్రు నలభై ఏండ్లు!"

వస్తాదు ఒంగి మూల మట్టి, నడిమి మట్టి రెండు చేతుల్లోకి తీసుకుని పోల్చి చూశాడు. "కల్మలోళ్ళకు నేను చెప్పుకుంట. వచ్చే చవితికి మీరే వచ్చి తడపుండ్రి అక్కా" అన్నాడు.

మట్టి మార్చి, ఎనిమిది రోజుల తరువాత ఆగిన కుస్తీ పెట్టారు. మా మరిది ఓడిపోయాడు. "మట్టి బాగుండె, పట్టే బాగలేదు" అన్నాడట వస్తాదు. ఆ మరుసటి ఏడు నుంచి చవితి పొద్దున ఒక గంటసేపు తాలీం గల్లీ ఆడవాళ్ళది. నిమ్మకాయలావిడ కూడా వచ్చేది, మా అత్త పక్కనే కూర్చుని మట్టి రుద్దేది, ఇద్దరికీ ఒక్క మాట పొసిగేది కాదు. కుస్తీ చూడటానికి మాత్రం మమ్మల్ని ఎవరూ పిలవలేదు. మేమూ అడగలేదు. అడగాలని కూడా తోచలేదు.

తాలీం మొదటిసారి చూసిన ఆ పొద్దున ఇంటికి తిరిగి వస్తుంటే మా అత్త చేతి మట్టి దులుపుకోలేదు. పిడికిలి అట్లాగే మూసుకుని నాకు ముందు నడుస్తోంది. నేను వెనకాల అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చాను. తాలీం గడప నుంచి మా గడపకు డెబ్బై రెండు అడుగులు. మా అత్తకు అది నలభై ఏళ్ళ నడక. నాకు దోసెడు మిరపకాయలు నూరినంత సేపు.