కాళ్ల కింది స్విచ్చు

మా అరిల్యె ఊళ్లో కారు కరెంటు పని తెలిసినవాళ్లు ముగ్గురున్నారు. ఇద్దరికి బోర్డులున్నాయి. మూడోవాడు వీటోమిర్ మేస్త్రీ. ఆయనకు బోర్డు లేదు. రేకుల షెడ్డు, కాఫీ కాచుకునే గిన్నె, ఏనాడూ ఎవరూ తుడవని రెండు కుర్చీలు ఉన్నాయి. బుద్ధి తక్కువై నేను ముందు బోర్డులున్న వాళ్ల దగ్గరికే వెళ్లాను.

నాకొచ్చిన కష్టం చిన్నది కాదు. మా అమ్మ స్తామెనాకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు కొండదారిలో ఉజిత్సె పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లి డయాలిసిస్ చేయించాలి. దానికి మతిమరుపు కూడా తోడైంది. కొండ మలుపులంటే ఆమెకు గుండె దడ. రేడియో మోగుతున్నంతసేపు మాత్రం నిమ్మళంగా కూర్చునేది. పొద్దున పూట మా ఊరి స్టేషన్‌లో ప్రతి పాటకూ ముందు జనం పంపిన శుభాకాంక్షలు చదువుతారు. మనవడు పుట్టినందుకు ఫలానా తాతకు చెల్లెలి నుంచి, పెళ్లి కుదిరినందుకు ఫలానా పిల్లకు పక్కింటివాళ్ల నుంచి. ప్రతి పేరుకూ అమ్మ దగ్గర ఒక తిట్టో దీవెనో సిద్ధంగా ఉండేది. నా పేరు మరిచిపోయిన రోజున కూడా, ఎవరి తాత ఎవరి పొలం గట్టు జరిపాడో మరిచిపోలేదు.

ఆ రేడియో మొరాయించడం మొదలుపెట్టింది. ఒక మలుపులో చప్పున ఆగిపోయేది. ఇంకో మలుపులో దానంతటదే లేచేది గానీ, స్టేషన్లన్నీ మరిచిపోయి గరగరలాడేది. అది ఆగగానే అమ్మ తలుపు పిడి పట్టుకుని "దిగిపోతా" అని లాగేది. రెండుసార్లు ఆమె కోటు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో కారు నడిపాను. ఆ తర్వాత అసలు గడప దాటనంది. ఆ వారం రెండు రోజులు తప్పిపోయాయి. "ఇంకొక్కటి తప్పితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది" అని డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పింది. ఆ నెమ్మదికే నాకు వణుకు పుట్టింది.

మొదటి బోర్డు వాడు ఫ్యూజు మార్చాడు. రెండో వాడు ఏకంగా రేడియోనే మార్చాడు. ఆ కొత్తది కూడా మలుపుల్లోనే చచ్చింది. "బ్యాటరీ అయ్యుంటుంది" అన్నాడు నా మొహం చూడకుండా.

అప్పుడు గాని నాకు రేకుల షెడ్డు గుర్తు రాలేదు. వీటోమిర్ ముప్పై ఏళ్లు బస్సు డిపోలో వైర్లు లాగిన మనిషి. భార్య పోయాక ఎవరితోనూ పెద్దగా మాట్లాడడని పేరు. నేను బానెట్ ఎత్తబోతే ఆపి, కుర్చీ చూపించాడు.

"ముందు కాఫీ తాగమ్మాయ్. కారెక్కడికీ పారిపోదు."

"నాకంత టైము లేదు మేస్త్రీ."

"అందుకే చెప్తున్నా. టైము లేనోళ్లే రేడియోలు మార్చుకుంటారు."

ఒళ్లు మండింది. కానీ కాఫీ అయ్యేదాకా ఆయన పనిముట్టు ముట్టడని ఊరందరికీ తెలుసు. ఆ కాఫీ తాగుతూ ఆయన అడిగినవి బోర్డుల వాళ్లు అడగలేదు. ఎక్కడ ఆగుతుంది? పక్కన ఎవరు కూర్చుంటారు? నువ్వొక్కదానివే వెళ్తే ఆగుతుందా?

నేనొక్కదాన్నే వెళ్తే ఆగదు. ఆ మాట నా నోట్లోంచి వచ్చేదాకా నాకే తట్టలేదు.

కాఫీ అయ్యాక మీటరు పెట్టాడు. పన్నెండున్నర వోల్టులు చూపించింది. దాన్ని పక్కన పడేసి, ఒక రేకు గ్లాసు తీశాడు. అందులో పాత ఇండికేటరు బల్బు, దానికి అతికించిన రెండు పొడుగాటి తీగలు ఉన్నాయి.

"మీటరుకి మొహమాటమెక్కువ. తీగలో ఒక్క పోగు మిగిలినా పన్నెండనేస్తుంది. బల్బు అట్లా కాదు, కడుపునిండా పెడితేనే వెలుగుతుంది" అన్నాడు.

బల్బు బాగానే వెలిగింది. తీగలు లాగాడు, కారు ఊపాడు, డాష్‌బోర్డు మీద గుద్దాడు. అది ఆరలేదు.

"ఇక్కడ దీనికి రోగం లేదు. రోగమొచ్చే చోటికి నన్ను తీసుకుపో."

మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మ ద్వారబంధం పట్టుకుని కదలనంటోంది.

"స్తామెనా అక్కా, బస్సు తప్పిపోయింది. నన్ను ఉజిత్సెదాకా తీసుకెళ్తారా?"

ఇంటికొచ్చిన మనిషిని కాదనడం అమ్మకు మతి పోయాక కూడా చేతకాలేదు. గొణుక్కుంటూ ఎక్కింది. ఆయన బల్బు తీగలను రేడియో తీగకు తగిలించి, గ్లాసు ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాడు.

"ఏంట్రా ఆ దీపం? సీటు గాని కాల్చావో, మా ఆయన చంపేస్తాడు" అంది అమ్మ. కారు మా నాన్న రాదిసావ్‌దే, ఆయన పోయి అప్పటికి తొమ్మిదేళ్లు.

మూడో మలుపులో లారీ ఎదురొచ్చింది. అమ్మ భయంతో రెండు కాళ్లూ నేలకేసి తన్నింది. రేడియో ఆగింది. వెనక బల్బు ఆరింది. అమ్మ చెయ్యి తలుపు పిడి మీదికి వెళ్లింది.

"కారు పక్కకి ఆపు" అన్నాడు వీటోమిర్. ఆ తర్వాత మెత్తగా, "అక్కా, ఇందాకటిలా ఇంకోసారి తన్ను" అన్నాడు.

అమ్మ తన్నింది. బల్బు వెలిగింది, రేడియో గరగరమంది. మళ్లీ తన్నింది. రెండూ ఆగాయి.

ఆయన దిగి, అమ్మ కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని మ్యాటూ, దాని కింది తివాచీ ఎత్తాడు. పాత లారీల్లో లైట్లు పైకీ కిందికీ మార్చడానికి కాలితో నొక్కే స్విచ్చు ఒకటి నేలకు బిగించి ఉంది. రేడియోకి వెళ్లే కరెంటంతా దాని గుండానే పోతోంది. తొంభైల్లో మా దగ్గర కారు అద్దాలు పగలగొట్టి రేడియోలు ఎత్తుకెళ్లేవాళ్లు. ఇంటికో ఉపాయం ఉండేది. మోగని రేడియోను ఏ దొంగా మోసుకుపోడని ఈ స్విచ్చు పెట్టినవాడి నమ్మకం కాబోలు.

"ఎవడు పెట్టాడిది!" అన్నాను.

"మీ నాన్న" అంది అమ్మ, కిటికీలోంచి కొండ చూస్తూ.

"నీకు తెలుసా? మూడు వారాలుగా చస్తున్నాను కదమ్మా, నాకెందుకు చెప్పలేదు?"

"ఎవరికీ చెప్పొద్దన్నాడుగా."

రోడ్డు పక్కన నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. రెండూ చేసినట్టున్నాను.

వీటోమిర్ స్విచ్చు పీకబోతే అమ్మ ఆయన చేతి మీద ఒక్కటిచ్చింది. "దొంగలొస్తే నువ్వుంటావా కాపలా?" ఆయన స్విచ్చు నుంచి తీగలు రెండూ విప్పి, ఒకదానికొకటి కలిపి టేపు చుట్టాడు. ఉత్త స్విచ్చును మళ్లీ అక్కడే బిగించాడు.

"ఇంక నీ ఇష్టమొచ్చినన్నిసార్లు నొక్కుకో అక్కా. నేనెవరికీ చెప్పను."

ఆసుపత్రి ముందు నేను తాళం తిప్పగానే రేడియో ఆగింది. అదే క్షణంలో అమ్మ కాలితో టిక్కుమనిపించి, "ఇప్పుడెత్తుకెళ్లమను" అంది. ఆ తర్వాత రెండున్నరేళ్లు, వారానికి మూడుసార్లు అదే మాట. మలుపుల్లో ఎంత తన్నినా పాట ఆగలేదు. ఒక్క రోజూ తప్పలేదు. అమ్మను నాకు ఆ రెండున్నరేళ్లు ఇచ్చింది డాక్టర్లెంతో, మేస్త్రీ కూడా అంతే. ఆ మాట అంటే "టేపు ముక్కకింత గోలా" అని విసుక్కుంటాడు. మా తోట రాస్ప్‌బెర్రీలు తీసుకెళ్తే సగం ఉంచుకుని సగం నా చేతికే ఇస్తాడు. ఇలాంటి మనిషి రుణం ఎలా తీరుతుందో నాకు తెలియదు. తీరకపోయినా బాగానే ఉంది.

పోయిన చలికాలం అమ్మ తన మంచంలోనే, నిద్రలో వెళ్లిపోయింది. నలభయ్యో రోజున మా ఆచారం ప్రకారం గోధుమలు ఉడికించుకుని సమాధి దగ్గరికి బయలుదేరుతుంటే, అదే ఇస్త్రీ చొక్కాతో వీటోమిర్ మేస్త్రీ వచ్చాడు. అమ్మ సీట్లో కూర్చున్నాడు. మైలలో పాట వినకూడదు కనుక నలభై రోజులుగా నేను రేడియో ముట్టుకోలేదు. శ్మశానం గేటు ముందు తాళం తిప్పి కారు ఆపాను. ఆయన కొవ్వొత్తులు చేతిలోకి తీసుకుని దిగబోయి, ఆగి, బూటుతో మ్యాటు మీద నొక్కాడు. టిక్కుమంది.

"దొంగలుంటారమ్మాయ్" అన్నాడు.