చిక్కుడు కూర ముట్టని చిలకమ్మ

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, పుష్యమాసం చలిలో, నన్ను కొండల దిగువనున్న ఒక జైలుకు డిప్యూటీ జైలరుగా వేశారు. మహిళా బ్యారక్ నా బాధ్యత. ఆరేళ్లలోపు పిల్లలు తల్లితోపాటు లోపల ఉండవచ్చు. అప్పుడక్కడ ఉన్న పిల్ల ఒక్కతే, అరకు పైకొండల నుంచి వచ్చిన చిలకమ్మ కూతురు మల్లి. మూడేళ్లుంటాయి. చిలకమ్మ రిమాండు ఖైదీ, అంటే కేసు ఇంకా తేలలేదు. మల్లి మాత్రం బ్యారక్ మొత్తానికి పెద్ద అధికారి. సాయంత్రం నేను ఖైదీలను లెక్కపెడుతుంటే వెనకే వచ్చి, వేలు చూపిస్తూ తనూ లెక్కపెట్టేది. నా లెక్క తప్పేది.

ఆ వారం వంటశాలలో రోజూ చిక్కుడుకాయ కూరే. చిలకమ్మ ముట్టలేదు. మల్లి చెయ్యి చాస్తే వెనక్కి లాగేసి, ఒట్టి అన్నంలో ఉప్పు కలిపి పెట్టింది. మూడోరోజుకి నాలోని జైలరమ్మ నిద్రలేచింది. ఖైదీ తిండి నిరాకరిస్తే సూపరింటెండెంటుకు నివేదిక ఇవ్వాలి. బిడ్డకూ పెట్టకపోతే ఆ బిడ్డను శిశుగృహానికి పంపమని సిఫారసు చేయవచ్చు. రెండూ చక్కటి దస్తూరీతో రాసి, ఆ ముక్క చెప్పడానికి బ్యారక్‌కి వెళ్లాను.

చిలకమ్మ పిల్లను ఒళ్లోకి లాక్కుని బావురుమంది. "నా గుంటని తీసుకుపోతారేటమ్మా? మా ఊళ్లో సిక్కుడు కొత్త ఇంకా అవ్వలేదు. అవ్వకుండా ఎలాగ తింటాం?"

కొత్త పంటను ముందు దేవతకు పెట్టి, ఊరంతా 'కొత్త' పండుగ చేసుకున్నాకే వాళ్లు నోట పెడతారు. అన్నేళ్ల సర్వీసులో నాకా సంగతి తెలియదు. తల కొట్టేసినట్టయింది. ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"తింటావా తినవా అనడిగారు. ఎందుకు తినవని ఎవులూ అడగలేదమ్మా."

నివేదికా, సిఫారసూ రెండూ చించేశాను. వాళ్లిద్దరికీ పప్పు వేయమని వంటశాలకు చెప్పాను. నాలుగు రోజులకు చిలకమ్మ అత్త ములాఖత్‌కు వచ్చింది. ఇనప జాలీ అవతలి నుంచే "కొత్త అయిపోనాదే!" అని అరిచింది. ఆ కబురు అందగానే బ్యారక్‌లో ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఆ పూట మల్లి మూడుసార్లు కూర వేయించుకుంది. "సాలే గుంటా, పొట్ట పగిలిపోద్ది" అని తల్లి నవ్వుతూనే తిట్టింది. నాకూ ఆ రోజు చిక్కుడుకాయలు మహా రుచిగా ఉన్నాయి.

తర్వాత కూడా తిండి నిరాకరణ నివేదికలు రాశాను. కారణం అడగకుండా ఒక్కటీ రాయలేదు. ఆ రోజు చిలకమ్మ నోరు విప్పకపోతే, పండుగ కోసం ఆగిన తల్లి నుంచి బిడ్డను విడదీసేదాన్ని. అదీ నిబంధనల ప్రకారమే.