మూడోసారి దాకా ఊరుకుంటే

మా బందరు కబడ్డీ టీము ఊసెత్తితే నాకు కోపం వస్తుందని మా స్కూల్లో అటెండరు దగ్గర్నుంచి హెడ్మాస్టరు దాకా అందరికీ తెలుసు. తెలుగు పాఠాలు చెప్పుకునే ఆడమనిషికి కబడ్డీ గొడవలేమిటని కొత్తగా బదిలీ మీద వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. నేను గిలకలదిండిలో పుట్టాననీ, మా అమ్మ హార్బరులో చేపలు వేలం పాట పాడుకుని బజార్లో అమ్మి నన్ను చదివించిందనీ, అక్కడి ఇసుకలో కబడ్డీ చూస్తూ పెరిగాననీ చెప్తాను. అప్పటికీ అర్థం కాకపోతే ఊరుకుంటాను. నేను ఊరుకోవడం చాలా అరుదు కాబట్టి అది వాళ్ళ అదృష్టం.

ఆ ఏడు మా అభిమానుల మధ్య గొడవంతా ఒక్క ప్రశ్న మీదే నడిచింది. ఇచ్చేద్దామా, ఉంచుకుందామా?

సంగతేమిటంటే, ఏటా ఎండాకాలంలో, బళ్ళకి సెలవులివ్వకముందే, సముద్రంలో వేట నిషేధం మొదలైన రోజుల్లో, అవనిగడ్డలో కబడ్డీ పోటీలు జరుగుతాయి. బోట్లు ఒడ్డున కట్టేసి ఉంటాయి కాబట్టి మా కుర్రాళ్ళకీ ఖాళీయే. అంతకు ముందు ఏడు సెమీఫైనల్లో గుడివాడ టీము మమ్మల్ని చితక్కొట్టింది. టీమంతా అక్కర్లేకపోయింది, ఒక్కడే కొట్టాడు. నందివాడ మనిషి, తొమ్మిదో నంబరు బనీను వేసుకుంటాడు. అసలు పేరు వాళ్ళింట్లోవాళ్ళకి గుర్తుందో లేదో గానీ దివిసీమ మొత్తానికి అతను తొమ్మిదో నంబరే. కూత పెట్టి గీత దాటాడంటే ఒకణ్ణో ఇద్దర్నో ముట్టుకుని, తీరిగ్గా నడుచుకుంటూ వెనక్కి వెళ్ళేవాడు. ఆ నడక చూస్తే నాకు ఒళ్ళు మండేది.

అలాంటి తొమ్మిదో నంబర్ని ఈ ఏడు మాకిస్తామని గుడివాడ నుంచి కబురొచ్చింది. ఊరికే కాదు. మా టీములో ఎడమ మూల నిలబడి కూతకొచ్చినవాణ్ణి పట్టడానికి కొత్తగా తీసుకున్న కుర్రాళ్ళిద్దర్నీ బదులుగా ఇవ్వాలి.

ఆ ఇద్దరూ గిలకలదిండి వాళ్ళే. ఒకడు పొడుగు, ఒకడు పొట్టి. ఒకే బోటు మీద వేటకెళ్తారు, ఒకే వల చెరో పక్కా లాగుతారు. ఆటలో కూడా చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడతారు, ఒకడు కదిలితే రెండోవాడికి చెప్పక్కర్లేదు. రెండేళ్ళు మంచినీళ్ళ సీసాలు అందిస్తూ బెంచీ మీద కూర్చుని, ఈ ఏడే ఏడుగురిలో చోటు సంపాదించారు. గుడివాడ వెళ్తే మళ్ళీ బెంచీయే. అక్కడ టీముని నడిపే పెద్దాయన వాళ్ళని కావాలన్నది రేపటి కోసం, ఇప్పుడు ఆడించడానికి కాదు.

సాయంత్రం స్కూలయ్యాక కోనేరు సెంటర్ దగ్గర టీ కొట్టులో మా సభ కూడేది. ఇచ్చేద్దామనే వర్గానికి పెద్ద ఒక బ్యాంకు ఉద్యోగి. ఆయన ఏది చెప్పినా వడ్డీ లెక్క చెప్పినట్టే చెప్తాడు.

“కుర్రాళ్ళదేముందండీ, ఏడాదికి ఇద్దరు పుట్టుకొస్తారు. తొమ్మిదో నంబరు మళ్ళీ దొరుకుతాడా? కప్పు ఈ ఏడు కావాలా, మన రిటైర్మెంటు అప్పుడు కావాలా?”

“అంత మంచివాడైతే వాళ్ళెందుకిస్తున్నారు? మోకాలు పోయుంటుంది,” అన్నాను.

“మీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. పాడవని చందువా చేపని ఎవరైనా పక్కింటికి పంచిపెడతారా?”

“మీ వీధి కుర్రాళ్ళని మీకు పక్షపాతం టీచర్ గారూ.”

“ఉంది. లేదని ఎవరన్నారు?”

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి ఇంకో టీ చెప్పాడు. నేనూ ఇంకోటి చెప్పాను. అక్కడ ముందు లేచినవాళ్ళు ఓడిపోయినట్టు లెక్క. ఇంటికెళ్ళాక వాట్సాప్ గ్రూపులో మళ్ళీ మొదలయ్యేది. ఆ గ్రూపు మొదట్లో బనీన్ల సైజులు అడగడానికి పెట్టుకున్నది.

మా టీముని నడిపేది ఒక రిటైరైన లెక్కల మాస్టారు. బనీన్లూ, బూట్లూ, అవనిగడ్డ వెళ్ళడానికి వ్యానూ అన్నీ ఆయనే చూసేవాడు. ఆయనకి కుర్రాళ్ళని ఇవ్వడం ఇష్టం లేదు. కానీ ఆయనకున్న చిక్కల్లా ఒక్కటే, మనిషి మొహం మీద కాదనడం రాదు. ఆయన పుట్టి పెరిగిన వీధుల్లో పెద్దమనుషులు కాదనరు, ఊరుకుంటారు. నచ్చని సంబంధం వచ్చినా, ఇవ్వలేని చందా అడిగినా, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఊరుకుంటారు. వచ్చినవాళ్ళు అది అర్థం చేసుకుని, కాఫీ తాగి, వాతావరణం గురించి రెండు మాటలు మాట్లాడి వెళ్ళిపోతారు. అందరి మర్యాదా అందరికీ మిగులుతుంది.

గుడివాడ టీముని నడిపే పెద్దాయన చేపల వ్యాపారి. వ్యాన్లలో ఐసు వేసుకుని గిలకలదిండి వచ్చి సరుకు పాడుకుని వెళ్తుంటాడు. ఒక ఆదివారం పొద్దున మాస్టారు ఆయనకి జవాబు చెప్పడానికి హార్బరుకి బయల్దేరాడు. నేనూ వెంట వెళ్ళాను, మా అమ్మని చూసినట్టూ ఉంటుంది, ఆ జవాబు విన్నట్టూ ఉంటుందని. వేట నిషేధానికి ఇంకా కొద్ది రోజులున్నాయి. బోట్లు వరసగా వస్తున్నాయి, పాట జోరుగా సాగుతోంది. నేను మా అమ్మ దగ్గర ఆగి, ఆవిడ పాడుకున్న వంజరాలు బాగున్నాయా లేదా అని వాదన పెట్టుకున్నాను. వంజరాలు బాగానే ఉన్నాయి. వాదన పెట్టుకోవడం మా ఇంట్లో పలకరింపు.

ఆ కాసేపట్లోనే కొంప మునిగింది.

గుడివాడ పెద్దాయన అప్పుడే ఒక రొయ్యల పాట గెలిచి మంచి ఊపు మీదున్నాడు. చుట్టూ కొనుగోలుదార్లు. మాస్టార్ని చూసి గొంతు పెంచాడు.

“రండి మాస్టారూ. మా తొమ్మిదో నంబరు మీకు, మీ కుర్రాళ్ళిద్దరూ మాకు. ఏమంటారు?”

మాస్టారు కళ్ళజోడు తీశాడు.

“ఒకటోసారి,” అన్నాడు పెద్దాయన. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

మాస్టారు పంచె చెంగుతో అద్దాలు తుడుచుకుంటూ బోట్ల వైపు చూశాడు.

“రెండోసారి.”

మాస్టారు కళ్ళజోడు పెట్టుకున్నాడు.

“మూడోసారి. ఖాయం.” పెద్దాయన అరచేతిలో అరచెయ్యి కొట్టుకున్నాడు. ఆ చప్పుడుకి నేను తల తిప్పాను.

పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి మాస్టారు నిమ్మళంగా ఉన్నాడు. పని చక్కబెట్టుకొచ్చానన్న తృప్తి కూడా కనపడింది.

“మనకి ఇష్టం లేదని తెలిసేలా ఊరుకున్నానమ్మా,” అన్నాడు.

“ఊరుకున్నారా? మాస్టారూ, ఇక్కడ మూడోసారి దాకా ఊరుకుంటే ఒప్పుకున్నట్టండీ. ఇచ్చేశారు మీరు వాళ్ళని.”

ఆయన మొహం పాలిపోయింది. ఇప్పుడెళ్ళి కాదని చెప్పండంటే, “పదిమంది ముందు ఖాయమైన మాట వెనక్కి తీసుకోవడం ఎలాగమ్మా?” అని చతికిలబడ్డాడు. జీవితంలో ఒక్కసారి కూడా కాదనని మనిషి ఆ రోజు రెండుసార్లు అనాల్సొచ్చింది. పాపం ఆయనవల్ల కాలేదు. ఈలోపు ఎవరో గ్రూపులో పెట్టేశారు. బ్యాంకాయన లడ్డూ బొమ్మలు వరసగా పెట్టాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. రెండేళ్ళు బెంచీ మీద ఎదురుచూసిన పిల్లల్ని ఒక కళ్ళజోడు తుడిచినంతసేపట్లో పంపించేశాం.

మా అమ్మ దగ్గరికొచ్చి నిలబడి పెద్దగా తిట్టడం మొదలెట్టాను, మాస్టార్నీ, గుడివాడనీ, కబడ్డీనీ. ఆవిడ చేపల మీద ఐసు చల్లుకుంటూ, “ఎందుకే ఆ అరుపులు? వాళ్ళిద్దరూ వినడానికి ఇక్కడేమైనా ఉన్నారా? వేటలో ఉంటే,” అంది.

నేను ఠక్కున ఆగాను. నిజమే. బోటు ఇంకా రాలేదు. వాళ్ళు సముద్రంలో ఉన్నారు.

గుడివాడ పెద్దాయన వ్యాను తలుపు వేయిస్తున్నాడు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

“బాబాయ్ గారూ, ఇన్నేళ్ళుగా ఇక్కడ పాట పాడుతున్నారు కదా. సముద్రంలో ఉన్న చేపకి ఎప్పుడైనా పాట పెట్టారా?”

“అదెలా పెడతారమ్మా? ఒడ్డుకొచ్చి నేల మీద పొయ్యాలి, కళ్ళతో చూడాలి. అప్పుడే పాట.”

“మరి మీరు పాడుకున్న ఇద్దరూ ఎక్కడున్నారు?”

ఆయన వెనక్కి తిరిగి సముద్రం వైపు చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళకి సంగతి అర్థమై ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు నవ్వడం మొదలెట్టారు. హార్బరులో పుట్టిన ఎవరికైనా ఆ నియమం తెలుసు, దానికి ఎదురు లేదు. చివరికి ఆయనా నవ్వాడు. పెద్దమనిషి, ఒప్పుకోవాలి.

“సరే, ఈ పాట చెల్లదు. కానీ ఒక మాట. అవనిగడ్డలో మా తొమ్మిదో నంబరు చేతిలో ఓడిపోయారంటే, ఆ కోర్టులోనే నిలబెట్టి మళ్ళీ పాట పెడతా. వాళ్ళప్పుడు నేల మీదే ఉంటారు. అప్పుడు నువ్వు ఊరుకోవాలి.”

“ఊరుకుంటాను,” అన్నాను. ఆ మాట నా నోటికి కొత్తగా తగిలింది.

ఆ తర్వాత కోనేరు సెంటర్లో నా పక్కన కూర్చుని టీ తాగిన మగాడు లేడు. “చేతిదాకా వచ్చిన కప్పు మీ నోటి మూలంగా పోయింది టీచర్ గారూ,” అన్నాడు బ్యాంకాయన, చాలా మర్యాదగా. కుర్రాళ్ళకీ సంగతంతా తెలిసింది. పొట్టివాడు నా దగ్గరికొచ్చి, “ఓడిపోతే వెళ్ళిపోవాలా అత్తా?” అని అడిగాడు. అవునన్నాను. పొడుగువాడు వాడి భుజం పట్టుకుని ఇసుకలోకి తీసుకెళ్ళాడు. చీకటి పడేదాకా ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు లాక్కుంటూనే ఉన్నారు.

అవనిగడ్డలో మొదటి ఆట ఏం బాలేదు. మా వాళ్ళిద్దరూ భయంతో రెండుసార్లు తొందరపడి చేతులు వేసి అవుటయ్యారు. ఎలాగో గట్టెక్కాం. బ్యాంకాయన నా వైపు చూసిన చూపుకి ఇంకొకరైతే బస్సెక్కి ఇంటికెళ్ళిపోయేవారు. రెండో ఆట నుంచి కుదుటపడ్డారు. ఫైనల్‌కి వచ్చేసరికి ఎదురుగా గుడివాడ, గీత అవతల తొమ్మిదో నంబరు మోకాళ్ళు సాగదీసుకుంటూ. రెండూ దివ్యంగా ఉన్నాయి. ఆ విషయంలో నేను పొరపాటు పడ్డాను.

ఆట చివరికి పాయింట్లు సమానం. కోర్టులో మా వాళ్ళు ఆ ఇద్దరే మిగిలారు. గుడివాడ వాళ్ళ రైడర్లు అప్పటికి వరసగా రెండుసార్లు ఎవరినీ ముట్టుకోకుండా వెనక్కి వెళ్ళారు. కబడ్డీలో రెండుసార్లు అలా వెళ్ళొచ్చు, మూడోసారి కుదరదు. ముట్టుకునైనా రావాలి, లేదా అవుటైనా అవ్వాలి. ఆ మూడోసారికి, ఆటలో ఆఖరి కూతకి, తొమ్మిదో నంబరు వచ్చాడు.

కూత పెట్టి తీరిగ్గా గీత దాటాడు. మా వాళ్ళు కదల్లేదు. ఎడమకి వెళ్ళాడు, కుడికి వచ్చాడు, కాలు చాచి ఆశ చూపించాడు. మొదటి ఆటలో తొందరపడ్డ ఆ చేతులు ఇప్పుడు ఒకదాన్నొకటి పట్టుకుని ఊరికే ఉన్నాయి. టైము అయిపోతోంది. అతను చివరికి పొడుగువాడి మీదికి నిజంగానే చెయ్యి విసిరాడు. ఆ చెయ్యి వాడి ఛాతీకి తగిలిందో లేదో, పొట్టివాడు మడమ పట్టేశాడు. తొమ్మిదో నంబరు ఇద్దర్నీ ఈడ్చుకుంటూ గీత వైపు పడ్డాడు. బరువైన వలని బోటు మీదికి లాగినట్టు వాళ్ళు ఒకే ఊపున వెనక్కి లాగారు. అతని వేళ్ళకీ గీతకీ మధ్య జానెడు మిగిలింది. వేళ్ళు ఇసుకని గీరాయి, గీత అందలేదు. కూత ఆగిపోయింది.

విజిల్ వినపడగానే నేనేం చేశానో నాకు సరిగ్గా గుర్తులేదు. కుర్చీ ఎక్కాననీ, అది విరిగిందనీ తర్వాత చెప్పారు. సంతోషంతో అరిచి అరిచి గొంతు పోయి మూడు రోజులు పాఠం చెప్పలేకపోయాను, పిల్లలు కూడా సంతోషించారు. ఆ ఇద్దర్నీ ఇచ్చేద్దామన్న బ్యాంకాయనే పొట్టివాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని కోర్టు చుట్టూ తిరిగాడు. “పొద్దున్నే అందరం పాలకాయతిప్ప బీచికి, ఖర్చు నాది,” అని అరిచాడు. నన్ను చూసి మాత్రం కాస్త పక్కకి తిరిగాడు. నేను ఏమీ అనలేదు. గెలిచినప్పుడు ఊరుకోవడంలో ఉన్న సుఖం నాకు ఆ రోజే తెలిసింది.

జనం కాస్త పలచబడ్డాక గుడివాడ పెద్దాయన మా వైపు వచ్చాడు. కప్పు పట్టుకుని కుర్రాళ్ళిద్దరూ ఫొటోలు దిగుతున్నారు, ఒంటినిండా ఇసుక. పెద్దాయన వాళ్ళని ఎగాదిగా చూసి, మాస్టారి ముందు నిలబడి నవ్వాడు.

“ఓడింది మేమే, నిజమే. కానీ ఇద్దరూ ఇప్పుడు నేల మీదే ఉన్నారు కదండీ. తొమ్మిదో నంబరుతో పాటు ఇంకొకణ్ణి కూడా ఇస్తాను. పాట పెట్టనా?”

మాస్టారి చెయ్యి అలవాటుగా కళ్ళజోడు మీదికి వెళ్ళింది. నోరు తెరవబోయాను.

పెద్దాయన ఇంకా ఒకటోసారి అనలేదు. మాస్టారు కళ్ళజోడు మీంచి చెయ్యి దించేసి, ఆయన మొహంలోకి సూటిగా చూస్తూ, క్లాసులో చివరి బెంచీకి కూడా వినపడేంత గట్టిగా చెప్పాడు.

“ఇవ్వమండీ.”