జలపాతం దగ్గర పెదవుల మాట

సాపుతారా కొండకు పోదామన్న ఆలోచన మా తమ్ముడిది. వానాకాలం ఆదివారాల్లో సూరత్‌లో సగం మంది ఆ కొండ మీదే ఉంటారు. మబ్బులు మొహానికి తగిలాయని ఫోటోలు పెట్టుకుంటారు. మావాడికి అంతకుముందు ఎన్నడూ మబ్బుల మీద అంత ప్రేమ లేదు. బాపును ఆల్థాన్‌లోని నా ఫ్లాట్ నుంచి కడోదరాలోని తన ఇంటికి తీసుకుపోతానని కొన్ని రోజులుగా అంటున్నాడు. నేను ఒప్పుకోవడం లేదు. అందరం కలిసి ఒకరోజు తిరిగొస్తే నా మనసు మెత్తబడుతుందని అనుకొని ఉంటాడు.

అమ్మ పోయిన దగ్గర్నుంచి బాపు నా దగ్గరే ఉన్నాడు. నేను ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తాను. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్లకు జవాబు చెప్పడం ఎప్పుడో మానేశాను, ఇక్కడా చెప్పను. పొద్దున డ్యూటీకి పోయేముందు బాపుకు చాయ్, జొన్న రొట్టె, షుగర్ మాత్ర, బీపీ మాత్ర. సాయంత్రం వచ్చాక ఇద్దరం బాల్కనీలో కూర్చుని ఎదురింటివాళ్ల మీద మాటలు చెప్పుకునేవాళ్లం. ఆయన నా కూరల్లో ఉప్పుకు వంక పెట్టేవాడు, నేను ఆయన టీవీ మోతకు విసుక్కునేదాన్ని. బయటివాళ్లకు అది పోట్లాటలా వినిపించేది. నాకు మాత్రం ఇల్లంటే అదే.

అన్నేళ్లలో తమ్ముడు పండగ పండగకు వచ్చి, మిఠాయి డబ్బా చేతిలో పెట్టి, బాపు కాళ్లకు దండం పెట్టి పోయేవాడు. తీసుకుపోతానన్న మాట నోటి నుంచి రాలేదు. ఈ మధ్య మా మరదలు చీరలు ప్యాకింగ్ చేసే చోట పనికి చేరింది. వాళ్ల పాపను పొద్దున స్కూలు వ్యాను ఎక్కించాలి, మధ్యాహ్నం దింపుకోవాలి. అప్పుడు గుర్తొచ్చాడు బాపు. ఈ మాట తమ్ముడి మొహం మీదే అన్నాను. చివరకు నేను బాపునే అడిగాను. ఎవరి దగ్గర ఉంటావో నువ్వే చెప్పు, నువ్వు చెప్పిందే ఖాయం, మళ్లీ నేను నోరెత్తను అన్నాను. కొండ మీద అందరం ఉంటాం కదా, అక్కడ చెప్తానన్నాడు. నా దగ్గరే ఉంటానని చెబుతాడన్నదాంట్లో నాకు రవ్వంత అనుమానం లేదు.

ఆ ఆదివారం చీకటితోనే బయలుదేరాం. కిరాయి బండిలో ముందు నేను, బాపు, కాక ఎక్కాం. కాక మాకు చుట్టం కాదు. బాపుతో ఒకే మరమగ్గాల కార్ఖానాలో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి, చుట్టాలకంటే దగ్గర. ఆయన రావాలని బాపే పట్టుబట్టాడు. కడోదరాలో తమ్ముణ్ణీ, మరదలినీ, పాపనూ ఎక్కించుకున్నాం. బార్డోలీ దాటేదాకా చెరుకు తోటలు, ఆ తరువాత టేకు చెట్లు, వెదురు పొదలు. ఘాట్ మొదలవగానే పాప రెండుసార్లు వాంతి చేసుకుంది. దాన్ని ఒళ్లో పెట్టుకుని తుడిచింది నేనే. వాళ్లమ్మకు బండిలో తల తిరుగుతుందట.

బండి కింద ఆపి మొదటి వ్యూపాయింటుకు నడిచి ఎక్కాలి. దారి రాళ్లురాళ్లుగా ఉంది, వానకు జారుతోంది. బాపు మోకాళ్లు మంచివి కావు. ఒక చేత్తో ఆయన్ని, ఇంకో చేత్తో తినే సామాను సంచిని పట్టుకుని ఎక్కాను. తమ్ముడు ముందు నడుస్తూ వెనక్కి తిరిగి మా వీడియో తీశాడు. అందులో వాడి పితృభక్తి బాగా కనబడి ఉంటుంది. తీరా పైకి పోతే అంతా మంచు. లోయ లేదు, కొండ లేదు, కంచె అవతల తెల్లటి గోడ. అయినా జనం ఆ తెల్లదనం ముందు నిలబడి ఫోటోలు దిగుతున్నారు. మక్కబుట్టలు కాల్చేవాడి దగ్గర నిలబడి, ఇప్పుడు చెప్పు బాపూ అన్నాను. ఇంకా పైకి పోయినంక చెప్తానన్నాడు.

రెండో వ్యూపాయింటుకు ఇంకొంచెం నిటారుగా ఎక్కాలి. సగం దారిలో బాపు ఒక రాయి మీద కూర్చుండిపోయాడు. మనం ఇక్కడే ఆగుదామన్నాను. లేదు, పోవాల్సిందే అన్నాడు. పైకి చేరేసరికి గాలి కొట్టి మంచు విడిపోయింది. కింద లోయంతా పచ్చగా, మధ్యలో పెంకుటిళ్లు, సన్నటి వాగు. బాపు కంచె పట్టుకుని చాలాసేపు చూశాడు. ఇన్నేళ్లు ఈ గుజరాత్ దేశంలో ఉండి రేకుల షెడ్డు తప్ప ఏం చూశామని కాకతో అన్నాడు. ఆయన మొహంలో అంత సంతోషం చూసి నాకు కడుపు నిండిపోయింది. ఇదంతా నేను ఎప్పుడో చూపించాల్సింది అని కూడా అనిపించింది.

అక్కడే దుప్పటి పరిచి తిన్నాం. నేను రాత్రి మేలుకుని చేసిన పులిహోర, గుడ్ల కూర తెచ్చాను. మరదలు పక్కింటి గుజరాతీ ఆవిడ దగ్గర నేర్చుకున్న థేప్లాలు తెచ్చింది. ఉప్పు ఎక్కువైందని నా మీద ఒంటికాలి మీద లేచే మనిషి, ఆ మెంతికూర రొట్టెలు ఒకదాని తరువాత ఒకటి తిని, భలే మెత్తగున్నయని మెచ్చుకున్నాడు. నా పులిహోర కాక తిన్నాడు. ఈసారి తమ్ముడే అడిగాడు, ఏమనుకున్నావు బాపూ అని. ముందు తిననియ్యమన్నాడు. తిన్నాక కిందికి పోయి నీళ్లు చూసినంక చెప్తానన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఒక్క మాట చెప్పడానికి ఎన్ని కొండలు ఎక్కాలి, ఎన్ని దిగాలి?

ఇక్కడ కార్ఖానా సంగతి కొంచెం చెప్పాలి. మరమగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. రేకుల షెడ్డులో అవి వరుసగా ఆడుతుంటే పక్క మనిషి చెవిలో అరిచినా వినబడదు. అందుకని అక్కడ ఎవరూ గొంతు వాడరు. పెదవులు పెద్దగా కదిలించి, మధ్యలో వేళ్ల సైగలు కలిపి మాట్లాడుకుంటారు. షెడ్డు ఈ మూల నుంచి ఆ మూలకు పెళ్లి సంబంధాలు కూడా అలాగే ఖాయం చేసేవారు. చిన్నప్పుడు బడి వదిలాక నేను బాపుకు సద్ది తీసుకుపోయి, అక్కడే కూర్చుని కండెలకు దారం చుట్టేదాన్ని. పైగా ఇంట్లో మాకు తెలియకూడని సంగతులన్నీ అమ్మా బాపూ ఆ పెదవుల మాటలోనే తేల్చుకునేవారు. తెలియకూడదన్నాక తెలుసుకోకుండా ఉంటానా? లంగా జాకెట్ల వయసు దాటకముందే వాళ్ల గుట్టంతా నాకు తెలుసు. తమ్ముణ్ణి మాత్రం ఆ షెడ్డు గడప తొక్కనివ్వలేదు, వాడు చదువుకోవాలని. వాడు ఎంత చదివాడన్నది వేరే సంగతి.

తిరుగు దారిలో వాఘై దగ్గర బండి ఆపి జలపాతానికి నడిచాం. అడవిలో బురద దారి, ఆ తరువాత నల్లటి బండలు. నీళ్లు కనబడకముందే మోత మొదలైంది. దగ్గరికి పోయేసరికి మనిషి మాట మనిషికి వినబడదు. ఎర్రటి నీళ్లు విరుచుకుపడుతున్నాయి, తుంపరలు బట్టల్ని తడిపేస్తున్నాయి. పాప చెవులు మూసుకుంది. తమ్ముడూ మరదలూ దాన్ని తీసుకుని ఫోటోలకు పక్కకు పోయారు.

బాపు చెవి మిషన్ తీసి జేబులో వేసుకున్నాడు. సాంచాల వల్ల ఆయనకు వినికిడి ఎప్పుడో పోయింది, నేనే డాక్టరు దగ్గరికి తిప్పి ఆ మిషన్ పెట్టించాను. ఆ మోతలో ఆయన నడుము నిటారుగా అయింది. కాక ఒక బండ మీద కూర్చున్నాడు, బాపు ఆయనకు ఎదురుగా కొంచెం దూరంలో నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. మళ్లీ కార్ఖానాలో నిలబడ్డట్టు పెదవులతో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నేను కాకకు వెనక, పై బండ మీద చెప్పులు, సంచులు పెట్టుకుని నిలబడ్డాను. కాక మొహం నాకు కనబడదు. బాపు మొహం మాత్రం ఎదురుగా ఉంది.

మొదట ముచ్చటగా చూశాను. అమ్మ పోయాక ఆయన ఆ మాట మాట్లాడగా చూడలేదు. ఆ తరువాత ఏం మాట్లాడుతున్నాడో అర్థమైంది.

"చెప్పలేకపోతున్న. బిడ్డ మొఖం జూస్తె నోరు వస్తలేదు" అంటున్నాడు.

కాక చేత్తో ఏదో అడిగాడు. బాపు తల అడ్డంగా ఊపాడు.

"కొడుకు ఇంట్ల పాణం పోతెనే మర్యాద. కొడుకును పెట్టుకొని బిడ్డ ఇంట్ల నుంచి శవం లేస్తె నలుగురేమంటరు? కొడుకు లేనోని లెక్క పోవాల్నా?"

కాక మళ్లీ ఏదో అడిగినట్టుంది. ఇన్ని రోజులు ఎందుకున్నావని అడిగి ఉంటాడు.

"వాడు పిలువలే గద. పిలువకుంట ఎట్ల పోత? పిలిచిందాంక యాడనో ఒకకాడ ఉండాలె గద."

యాడనో ఒకకాడ. నా వంట, నా బాల్కనీ, ఆయన జ్వరాలకు నేను కూర్చున్న రాత్రులు, అన్నీ కలిపి యాడనో ఒకకాడ. ఆ జలపాతంలోకి సంచులన్నీ విసిరేయాలనిపించింది. పరాయివాళ్లు ఈ మాట అంటే నేను ఊరుకునేదాన్ని కాదు. ఊళ్లో, బంధువుల్లో, ఎదురింటి ఆవిడలో ఎంతమంది అన్నారో, ప్రతిసారీ పోట్లాడాను. మా బాపు అలాంటోడు కాదని అందరికీ చెప్పుకున్నాను.

ఒక బండ కిందికి దిగి, ఆయన కళ్లకు కనబడేలా నిలబడ్డాను. ఆయన చూపు నా మీద పడింది. పెదవులు పెద్దగా కదిలించి అన్నాను.

"బాపూ, ఈ మాట నాకు ఇంక యాదికున్నది."

ఆయన మొహం పాలిపోయింది. నాకు వస్తుందన్న సంగతే మరిచిపోయాడు. నా కళ్లలో నీళ్లు ఆగడం లేదు. ఆ కోపంలోనే, ఆ ఏడుపులోనే ఇంకో మాట కూడా అన్నాను.

"పో. నీ కొడుకు దగ్గరికే పో."

మన ఇళ్లల్లో ఏడుస్తూ పొమ్మంటే పొమ్మని కాదని ఆయనకు తెలియనిది కాదు. అమ్మ ఎన్నిసార్లు అనలేదు? అలా అన్నప్పుడల్లా ఆయన పోకుండా వచ్చి గడపలో కూర్చునేవాడు. ఈసారి నన్ను కాసేపు చూసి, తల ఒకసారి కిందికీ పైకీ ఊపాడు. ఆ తరువాత నీళ్లవైపు తిరిగాడు. కాక వెనక్కి తిరిగి చూసేసరికి నేను నోరు మూసుకుని చెప్పులు సర్దుతున్నాను.

మళ్లీ బండెక్కాం. బాపు కళ్లు మూసుకుని కూర్చున్నాడు, నిద్రపోయాడో లేదో తెలియదు. ఇంటికి పోయాక బాల్కనీలో కూర్చుని మాట్లాడుకుందాం, తిడతాను, ఆయన వింటాడు, అంతటితో పోతుంది అని నాలో నేనే అనుకుంటూ వచ్చాను. బార్డోలీ వచ్చేసరికి నా కోపం సగం దిగిపోయింది కూడా.

కడోదరాలో తమ్ముడి ఇంటి ముందు బండి ఆగింది. చాయ్ తాగి పోదురుగానీ అన్నారు. అందరం దిగాం. మెట్ల దగ్గర పక్కింటివాళ్లు ఇద్దరు కూర్చుని ఉన్నారు, వాళ్లూ మన తెలుగువాళ్లే. బాపు చెవి మిషన్ పెట్టుకోలేదు. అందుకే గొంతు పెద్దగా వచ్చింది.

"ఇగ నేను ఈడనే ఉంట. అక్కను ఏమనకుర్రి. అదే పొమ్మన్నది."

తమ్ముడు నావైపు చూశాడు. వాడి మొహంలో ఆశ్చర్యం, ఆ వెనకే హమ్మయ్య అన్న నెమ్మది కనబడ్డాయి. మరదలు నిజమా వదినా అంది. కాక మాత్రం నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆయన కళ్లలో కోపం ఉంది, నా మీద.

"నువ్వు పొమ్మన్నవా బిడ్డా?" అని అడిగాడు.

ఆయనకు జలపాతం దగ్గర బాపు చెప్పిందంతా తెలుసు. నేను అన్నది మాత్రం తెలియదు. ఒక్క మాటతో బాపును అక్కడే నిలదీయొచ్చు. నీకు చెప్పింది నేనూ చూశాను కాకా అంటే చాలు. బాపు నావైపు చూడకుండా మెట్ల గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఇంతమందిలో ఆయన తల వంచుకోవడం నేను చూడలేననిపించింది.

ఔ, నేనే పొమ్మన్నానన్నాను. చాయ్ తాగకుండానే బండెక్కాను.

మర్నాడు ఆయన బట్టలు, మాత్రలు, గడ్డం సామాను సర్ది పంపించాను. ఆ తరువాత ఏ పెళ్లికి పోయినా, ఏ బతుకమ్మకు పోయినా నా గురించి అదే మాట. నౌకరీ చేసే ఆడబిడ్డ, తండ్రి బరువైపోయాడు, బయటికి పంపేసింది. అంటున్నవాళ్లలో కాక కూడా ఉన్నాడు. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెబితే మాత్రం ఎవరు నమ్ముతారు? కన్నతండ్రే స్వయంగా చెబుతున్నాడాయె.

బాపు ఆదివారాలు ఫోన్ చేస్తాడు. స్కూలు వ్యాను ఆలస్యంగా వస్తోందని, థేప్లాలు అరగడం లేదని చెబుతాడు. మొన్న ఫోన్ చేసినప్పుడు నా పంతమంతా మింగేసి, నాలుగు రోజులు వచ్చి పో బాపూ, ఇంట్లో తోచడం లేదు అన్నాను. ఆయన మెల్లగా, నిజంగా అలా జరిగిందన్నంత నమ్మకంగా అన్నాడు.

"నువ్వే పొమ్మన్నవ్ గద బిడ్డా."

సరేలే అని, మాత్రలు వేసుకున్నావా అని అడిగాను.