మూతకు అడ్డం పెట్టే అట్ట

వీధిలో అందరూ ఆమెను ఫొటోలావిడ అనేవారు. హోటళ్లకూ బేకరీలకూ వంటకాల ఫొటోలు ఇంట్లోనే తీసి ఇచ్చేది. కిటికీకి ఎదురుగా పక్కింటి గోడ, ఎండ పొడ సోకదు. దీపాలతోనే పని. ఎన్నో పాడుచేసుకుని నేర్చుకుంది: దీపం ఒక్కటే ఉండాలి, పక్కనుంచి పడాలి, తెల్ల వెలుగులో పసుపు బల్బు కలపకూడదు, ముందు పల్చటి కాగితం కట్టాలి. మెరిసే గిన్నెలుంటే తెల్ల అట్ట అడ్డం పెట్టాలి. లేకపోతే గదంతా గిన్నెలోనే కనిపిస్తుంది.

ఏ వెలుగులో కమిలిన చెంప కనపడదో కూడా ఆమెకు బాగా తెలుసు. మొగుడు బయటివాళ్లకు వెన్నపూస. "మీ ఆయన బంగారమమ్మా!" అనేవాడు ఇంటి ఓనరు. ఆ బంగారమే పోయినేడు ఆమె వేళ్లు రెండు విరిచింది. తలుపులో పడ్డాయని చెప్పుకుంది పిచ్చితల్లి. నిజం చెప్పినా నమ్మేదెవరు?

ఆ మధ్యాహ్నం తీయాల్సింది చాక్లెట్ కేకు, పక్కన తళతళలాడే స్టీలు మూత. ఫొటో నచ్చితే పెద్ద బేకరీలో ఉద్యోగం, ఉండడానికి మేడ మీద గది. నాలుగింటికల్లా పంపాలి. కేకు మీద చాక్లెట్ పోయడానికి రెండు చేతులూ కావాలి గనక, పది సెకన్లకోసారి దానంతటదే తీసేలా కెమెరాను అమర్చింది.

చాక్లెట్ పోయడం అయిందో లేదో మొగుడు ఊడిపడ్డాడు. పొద్దున బేకరీ ఆవిడ మెసేజీ ఆమె ఫోనులో చదివాడట.

"గది కూడా ఇస్తారటగా? ఎవర్నడిగి ఒప్పుకున్నావే?"

"మీకు చెబుదామనే..."

జుట్టు పట్టి తలను గోడకేసి కొట్టాడు. ఆమె చెయ్యి తగిలి దీపం ముందున్న కాగితం చిరిగింది, మూతకు అడ్డం పెట్టిన అట్ట ఎగిరి బల్ల కింద పడింది. వాడు బెల్టు ఊడదీశాడు. భుజం మీద, వీపు మీద, అడ్డం పెట్టిన మోచేతుల మీద ఎడాపెడా బాదాడు. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. కేకు చెక్కుచెదరలేదు. కెమెరా మాత్రం టిక్కుటిక్కుమంటూనే ఉంది, ఒళ్లు తెలియని కోపంలో వాడికి వినపడలేదు.

చెయ్యి నొప్పి పుట్టాక ఆపి, మొహం కడుక్కుని బయటికి పోయాడు. మెట్ల దగ్గర ఓనరుతో పకపకా నవ్వడం వినిపించింది.

పాక్కుంటూ వెళ్లి ఫొటోలు చూసింది. కేకు నిగనిగలాడుతోంది. మూతలో హాలంతా ఉంది: ఎత్తిన బెల్టు, వాడి మొహం, కింద ముడుచుకున్న తను. కాగితం లేని వెలుగు దేన్నీ దాచలేదు.

టైము నాలుగుకు పావు తక్కువ. అట్ట పెట్టి మళ్లీ తీయొచ్చు. అలవాటు కొద్దీ బల్ల కిందకు చెయ్యి చాచి అట్ట అందుకుంది. కాసేపు దానివంక చూసి, నిలువునా చింపి అవతల పారేసింది. ఫొటో ఉన్నదున్నట్టు పంపేసింది.

అయిదు నిమిషాల్లో ఫోను మోగింది.

"కేకు బాగుందమ్మా," అంది బేకరీ ఆవిడ. గొంతు తగ్గించి అడిగింది, "ఆ మూతలో ఉన్నదెవరు?"

తలుపు, మెట్లు, బాత్రూములో జారడం, పాత సాకులన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి.

"మా ఆయన. కింద ఉన్నది నేను," అంది ఫొటోలావిడ. "వచ్చి నన్ను తీసుకెళ్లండి."

"గడియ పెట్టుకో. పోలీసుల్ని వెంటబెట్టుకునే వస్తున్నా."

వంకర తిరిగిన ఆ రెండు వేళ్లతోనే ఆమె గడియ బిగించింది.