పట్టిక అడుగున చుక్క

పాతపట్నం శాఖా గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే కూర్మనాథానికి నవలలంటే పడదు. "ఎవరో ఎవర్నో ప్రేమించారు, మధ్యలో మనకెందుకు?" అనేవాడు. ఆయన ప్రాణమంతా ఏడాదికోసారి పార్సిల్లో దిగే ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం మీద ఉండేది. జిల్లాలో ఎంత వాన పడింది, ఎంత భూమిలో చోళ్లు వేశారు, ఎన్ని గేదెలున్నాయి, ఎందరు పుట్టారు, ఎందరు పోయారు, అన్నీ పట్టికలు పట్టికలుగా అచ్చేసిన సర్కారు గణాంకాల పుస్తకం అది. బీరువాలో దాన్ని ముట్టుకునే మానవుడు ఆయన తప్ప మరొకడు లేడు. చెదపురుగులు కూడా రుచి చూసి వదిలేశాయని ఆయన భార్య జగదీశ్వరి ఎత్తిపొడిచేది.

కాపురం గెడ్డవలసలో. ఊరికీ పట్నానికీ మధ్య వాగు ఉంది, అక్కడివాళ్లు గెడ్డ అంటారు. ఎండల్లో దాన్ని మోకాటి నీళ్లలో దాటొచ్చు, వానల్లో మాత్రం దేవుణ్ణి తలుచుకున్నా దాటనివ్వదు. ఆయన తండ్రి వేంకటాచలం సాయంత్రాలు వీధరుగు మీద కూర్చుని పురాణం చెప్పేవాడు. ఆయన పోయాక కూడా రైతులు అలవాటు కొద్దీ వచ్చి అరుగు చుట్టూ చేరేవారు. కొడుకు గొంతెత్తితే చూరు మీది కాకులు లేచిపోయేవి. అందుకని ఒక సాయంత్రం కూర్మనాథం ఆ గణాంకాల పుస్తకమే తెచ్చి, వానల పట్టిక విప్పి, తెలుగులో అర్థం చెప్పాడు. నవ్వుతారనుకున్నాడు. వాళ్లు నవ్వలేదు సరికదా, పొరుగున ఉన్న మెళియాపుట్టి వానకీ తమ ఊరి వానకీ ఎంత తేడానో అని కురుక్షేత్రం గురించి కొట్టుకున్నట్టు కొట్టుకున్నారు. అప్పట్నుంచి కొత్త పుస్తకం వచ్చిందంటే గెడ్డవలసలో పురాణం మొదలైనట్టే.

చదవడానికి ఆయనదొక పద్ధతి. పద్యం ఎత్తుకునే ముందు అది ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నారో చెప్పాలని తండ్రి నేర్పాడు. ఆ పాఠమే ఈ పుస్తకానికీ పెట్టాడు. "అంకె జోలికి ముందే పోకూడదర్రా," అనేవాడు. "మొదట తల చూడాలి: దేని లెక్క, ఏ సంవత్సరానిది. పక్కకి చూడాలి: లెక్క ఒకట్లలోనా, వేలలోనా. తరవాత కాళ్లు చూడాలి: అడుగున చుక్క పెట్టి సన్నక్షరాల్లో ఏవన్నారో. అంకె దగ్గరికి ఆఖర్న రావాలి."

ఈ సూత్రం ఆయన ఊరికే కనిపెట్టలేదు. మొదటి ఏడు తాలూకాలో గేదెలు పన్నెండని గంభీరంగా చదివితే, జోగయ్య అనే రైతు లేచి, "పంతులుగోరూ, మా సాల్లోనే నాలుగున్నాయి. మిగిలిన ఎనిమిదీ ఎవులివి?" అని అడిగాడు. అది వేలలో లెక్క. ఆ నవ్వు ఊళ్లో ఏడాది నిలిచింది.

పందొమ్మిది వందల అరవయ్యారు జ్యేష్ఠ మాసంలో వచ్చిన పుస్తకం కోసం మాత్రం ఊరు నవ్వడానికి కాదు, గుండెలు చిక్కబట్టుకుని ఎదురుచూసింది. పంచాయతీ సమితికి ఒక ప్రసూతి నర్సు మంజూరైంది. ఒక్కర్తే. ఆమెను గెడ్డకి అటు పెడతారా, ఇటు పెడతారా అన్నది తేలాలి. ఎటువైపు పురుళ్లు ఎక్కువో అటే అని సమితిలో మాట. గెడ్డ ఇవతలి ఊళ్లన్నీ కలిపి తాలూకాలో ఒక భాగం, అంటే ఒక ఫిర్కా; పట్నం వైపు ఊళ్లు ఇంకో ఫిర్కా. ఫిర్కాల వారీగా రెండేళ్ల కిందటి జననాల లెక్క ఆ పుస్తకంలో ఉంటుంది.

ఊరందరికీ నర్సు కావాలి. అప్పలసూరి పెళ్లాం తాయారుకి అది ప్రాణం మీది మాట. ఆమెకి ఐదో నెల. చిన్నప్పుడే తల్లి పోయింది, తండ్రి ఖరగ్‌పూర్ వెళ్లి మరి తిరిగి రాలేదు. పురిటికి పోదామంటే పుట్టిల్లు లేదు. రెండేళ్ల కిందట గెడ్డ పొంగిన రోజున నొప్పులొచ్చి, ముసలి మంత్రసాని దేముడమ్మ చేతుల మీదే మగబిడ్డను కంది. బిడ్డ పొద్దుటికి పోయాడు. ఈసారి కూడా పురుడు సరిగ్గా వానల్లోనే.

ఆ సాయంత్రం అరుగు నిండిపోయింది. సర్పంచి నరసింగరావు వచ్చి కూర్చున్నాడు. ఆడవాళ్లు వీధిలో నిలబడ్డారు, వాళ్లలో తాయారు.

"మన పక్క పురుళ్లు ఎన్నున్నాయో సూడండి, పంతులుగోరూ," అన్నాడు నరసింగరావు.

ఆత్రం ఎంత చదువునైనా మింగేస్తుంది. తల, పక్క, కాళ్లు అని ఏళ్ల తరబడి ఊరికి నేర్పిన పెద్దమనిషి, ఆవేళ తిన్నగా అంకె మీదికి ఉరికాడు. వేలు పెట్టి వెతికాడు. ఆయన ముఖం వాడిపోయింది.

"పట్నం వైపు మూడొందల పన్నెండు. మన వైపు నూటనాలుగు," అన్నాడు. "ఇంతేనయ్యా. మూడో వంతే ఉన్నాం. ఈ లెక్క పట్టుకుని మనకి నర్సునిమ్మని అడిగితే నవ్విపోతారు."

అచ్చులో ఉన్నదానికి ఎదురేముంది? నరసింగరావు మాట మీద నిలబడే మనిషి. "నెక్క అలాగున్నప్పుడు మరేటి అడుగుతాం? మనకి గావాలని అవతలోల్ల నోట్లో మట్టి కొట్టలేం కదా," అని కండువా దులుపుకుని లేచాడు. అందరూ లేచారు. తాయారు కొంగు భుజం మీదుగా కప్పుకుని ఇంటికి వెళ్లిపోయింది. కూర్మనాథానికి అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున్న ఆయన చెప్పులు చేత పట్టుకుని గెడ్డ దాటుతుంటే వెనక నుంచి జోగయ్య బండి వచ్చింది. బండిలో నిండు నెలల కోడలు, ఒళ్లో చలిమిడి తపేలా, అరటిపళ్ల గెల.

"కోడల్ని కన్నోరింటికి దిగబెడతన్నాను, పంతులుగోరూ. గెడ్డ పొంగితే మరి కుదర్దు," అన్నాడు జోగయ్య.

"మంచిది, మంచిది," అని దారిచ్చాడు కూర్మనాథం. ఏటా జ్యేష్ఠంలో చూసే బళ్లే. గెడ్డ ఇవతలి ఊళ్లన్నీ రెండు మూడు ఇంటిపేర్లవి, వాళ్లలో వాళ్లకి వావి కుదరదు. పిల్లను తెచ్చుకున్నా ఇచ్చుకున్నా గెడ్డ దాటే. కోడళ్లు పురిటికి అవతలి పుట్టిళ్లకు పోతారు. మరి కూతుళ్లు ఇక్కడికి రారా అంటే, వానల్లో దారి తెగిపోయే ఊరికి నిండు మనిషిని ఎవరు తెస్తారు? తల్లులే అవతలికి వెళ్లి పురుడు పోసి వస్తారు. తాతల నాటి అలవాటు, ఎవరూ వింతగా చెప్పుకునేది కాదు.

గెడ్డ నడుమకి వచ్చి కూర్మనాథం ఆగిపోయాడు. బండి అవతలి గట్టెక్కుతోంది. జోగయ్య మనవడు పుడితే ఎవరి లెక్కలో పడతాడు?

అక్కణ్ణుంచి ఆయన నడవలేదు, దాదాపు పరిగెత్తాడు. గ్రంథాలయం తలుపు తీసి, సంచీలోంచి పుస్తకం లాగి జననాల పట్టిక విప్పాడు. శీర్షిక పక్కన చిన్న చుక్క. పేజీ అడుగున చీమతలకాయల్లాంటి అక్షరాల్లో దాని వివరం: జననాలు జరిగిన చోటును బట్టి నమోదైనవి, తల్లి నివాసాన్ని బట్టి కాదు.

పుస్తకం ఆయన్ని మోసం చేయలేదు. చెప్పవలసినది చెప్పింది, ఆయనే వినలేదు. తండ్రి ఉంటే చెవి మెలిపెట్టి ఉండేవాడు. 

కానీ ఆయనకి అది చాలలేదు. తమ బిడ్డలు అవతల పుడుతున్నారని నోటితో అంటే సరిపోదు, ఇదే పుస్తకం చేత పలికించాలి. బడుల పట్టిక తీశాడు. ఒకటో తరగతిలో చేరిన పిల్లలు వాళ్లు నివాసముండే ఊళ్లోనే లెక్కకు వస్తారు. ఆ పిల్లలు పుట్టిన నాటి పుస్తకం బీరువా అడుగు అరలో ఉంది. దుమ్ము దులిపి రెండూ పక్కపక్కన పెట్టాడు. గెడ్డ ఇవతల ఆ యేడు పుట్టినవాళ్ల కంటే ఇప్పుడు బడిలో చేరినవాళ్లే ఎక్కువ. అదీ అందరూ బడికి రాకుండానే. పిల్లలు చెట్లకి కాయరు కదా.

సమితి సమావేశానికి నరసింగరావు వెంట ఆయన కూడా వెళ్లాడు. పట్నం వైపు సభ్యుడు చినబాబు అని, గంభీరమైన మనిషి, గొంతు అంతకంటే గంభీరం. "నెక్క మాదే పెద్దది. మరి మాటలెందుకు?" అన్నాడాయన.

కూర్మనాథం పురాణం విప్పినట్టే విప్పాడు. ముందు తల చదివాడు, తరవాత పక్క చదివాడు, కాళ్ల దగ్గరికి వచ్చి చుక్క చూపించాడు. బడి పిల్లల లెక్క చెప్పాడు. "ఇదే పట్టికను మొన్న మా అరుగు మీద నేను తప్పుగా చదివాను. అందుకే ఇవాళ ఇంత నెమ్మదిగా చదువుతున్నాను," అన్నాడు. ఆ తరవాత చినబాబు వైపు తిరిగి, "బాబూ, మీ అమ్మాయి బుల్లమ్మ మా ఊరి కోడలు. ఇద్దరు పిల్లలూ ఎక్కడ పుట్టారు?" అని అడిగాడు.

"మా ఇంట్లోనే. నాను బతికుండగా ఇంకెక్కడ పుడతారు?" అన్నాడు చినబాబు.

"నిజమే. మీరున్నారు గనక మీ ఇంట పుట్టారు. మా ఊళ్లో పుట్టిల్లు లేని పిల్ల ఒకర్తుంది. రెండేళ్ల కిందట గెడ్డ పొంగి బిడ్డ దక్కలేదు. మళ్లీ వానల్లోనే పురుడు. ఆ పిల్ల ఏ లెక్కలోకి పోతుంది?"

చినబాబు పుస్తకం మూసి పక్కకి జరిపాడు. ఆయన మొండివాడే గాని, కూతుర్ని కన్నవాడు. "ఆడకూతురు బాధ కంటే అంకె పెద్దదేటి?" అన్నాడు చివరికి. "గెడ్డవలసే రాయండి. మా పక్కకి పట్నం ఆస్పత్రి ఉన్నాది కదా."

ఆషాఢం దాటకుండానే లక్ష్మణమ్మ అనే నర్సు ట్రంకుపెట్టెతో గెడ్డవలసలో దిగింది. గెడ్డ పొంగి పొర్లుతున్న రోజుల్లోనే తాయారు ఆడపిల్లను కంది. పిల్ల కేరుమన్న ఏడుపు వినడానికి జగదీశ్వరి కుంపటి మీద పాలు వదిలేసి పరిగెత్తింది. పాలు పొంగిపోయాయి, ఎవరూ బాధపడలేదు.

ఆ ఏటి లెక్క అచ్చయి రావడానికి మరో రెండేళ్లు పట్టింది. అరవయ్యెనిమిదిలో కొత్త పుస్తకం రాగానే అరుగు మళ్లీ నిండింది. జననాల పట్టికలో గెడ్డ ఇవతలి అంకె పెరిగింది. నర్సు వచ్చాక కొందరు కోడళ్లు ఇక్కడే ఉండిపోయారు మరి. కూర్మనాథం తలా పక్కా కాళ్లూ చూసి మరీ చదివాడు. జనం లేచి వెళ్లాక తాయారు పిల్లను చంకనేసుకుని అరుగు దగ్గరికి వచ్చింది.

"ఏదీ, పంతులుగోరూ, నా పిల్ల ఎక్కడున్నాదో సూపించండి."

ఆయన నవ్వి అంకె మీద వేలు పెట్టాడు. "ఇదిగో తల్లీ, ఇందులో ఒకటి మీ అమ్మాయే."

తాయారు ఆ అంకెను కళ్లారా చూసింది. పిల్ల చేత ముట్టించింది. తరవాత గొంతు తగ్గించి అడిగింది, "మరి ముందటోడో? ఒక్క పూటే బతికాడు కదా, ఆణ్ణి రాసుంటారా?"

కూర్మనాథం లోపలికి వెళ్లి, పోల్చి చూడ్డానికి ఇంటికి తెచ్చుకున్న అరవయ్యారు నాటి పుస్తకం పట్టుకొచ్చి, అదే పట్టిక విప్పాడు. నూటనాలుగు. ఆ నూటనాలుగులో ఒకడు తాయారు కొడుకు. రెండేళ్ల కిందటి ఆ సాయంత్రం, ఈ అరుగు మీదే, ఆ తల్లి ఎదటే, తను ఆ అంకెను చూపించి "ఇంతేనయ్యా" అన్నాడు. ఆయన కళ్లు చెమర్చాయి.

"రాశారమ్మా. ఊళ్లో పుట్టిన ప్రతి బిడ్డనీ మునసబు రాయాల్సిందే. వాడూ ఉన్నాడు ఇందులో."

తాయారు పిల్లను కింద దింపింది. చదువు రాని ఆ వేలు అంకె మీద కాసేపు ఉంచింది.

"అయితే ఆడూ నెక్కలో ఒకడే," అంది. తరవాత పిల్ల చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచింది.